పాత పికప్ స్టార్ట్ అవ్వట్లేదంటే ముందు అడగాల్సిన ప్రశ్న

(టెక్సాస్‌లో డాలస్ దగ్గర, తెలుగువాళ్ళ వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బయట పార్కింగ్‌లో పెట్టిన షెవర్లే పికప్ చుట్టూ ఇందాకే చాలామంది మూగారు కాబట్టి పరిచయాలతో పొద్దు పుచ్చను. అది 1973 నుంచి 1987 దాకా వచ్చిన తరం. ముక్కుసూటి గీతల ఆకారం చూసి ఇక్కడివాళ్ళు స్క్వేర్ బాడీ అంటారు. లోపల 350 వీ8, అంటే 5.7 లీటర్ల ఇంజన్. దాని నెత్తిన రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బరేటర్, అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి అందించేది. ఊరి బయట నాలుగు ఎకరాలు కొనుక్కున్న మనవాళ్ళు కొందరు ఇలాంటివి తెచ్చుకుంటున్నారు. గడ్డి మోపులకీ ట్రైలర్ లాగడానికీ బాగా పనికొస్తాయి. తెచ్చుకున్న కొన్నాళ్ళకే నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, బండి స్టార్ట్ అవ్వట్లేదు."

నేను తిరిగి అడిగేది ఒకటే మాట. "ఎప్పుడు?" వారం రోజులు కదపకుండా ఉంచాకా? నిన్న రాత్రి నడిపి ఇవాళ పొద్దున్నే తీసినప్పుడా? లేక ఎండలో తిరిగొచ్చి, దుకాణం ముందు ఆపి, పావుగంటలో సామాను తెచ్చుకుని తాళం తిప్పినప్పుడా? చాలామందికి ఈ ప్రశ్న చిరాకు. "ఎప్పుడైతే ఏంటన్నా, ఏ పార్ట్ మార్చాలో చెప్పు" అంటారు. బండి ఆపినప్పటి నుంచి మళ్ళీ తాళం తిప్పేదాకా ఎంతసేపు గడిచిందో తెలిస్తే రోగం సగం దొరికినట్టే. అది తెలుసుకోకుండా కార్బరేటర్ కొత్తది కొంటారు, పంపు కొంటారు, ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ కొంటారు. బండి ఖరీదంతా పార్టులకే పోతుంది. చివరికి విసుగొచ్చి తుక్కుకి అమ్మేస్తారు. నలభై, యాభై ఏళ్ళు పనిచేసిన బండి, ఇంకా ఎన్నో ఏళ్ళు పనిచేయగల బండి, ఒక చిన్న లీకు దొరక్క తుక్కులోకి వెళ్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఈ రోజు ఇక్కడికి వచ్చింది అందుకే.

"ఎప్పుడు" తేలాక, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ ఎలా తిరుగుతోందో వినండి. చురుగ్గా తిరుగుతోందా, ఈడుస్తూ తిరుగుతోందా? ఈడ్చే ఇంజన్‌కి కార్బరేటర్ ఎంత బాగున్నా లాభం లేదు. గాలిని జోరుగా పీల్చదు, స్పార్క్‌కి సరిపడా వోల్టేజీ మిగలదు. బ్యాటరీ మీద మీటర్ పెట్టండి. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ 9.6 కంటే కిందికి పోకూడదు. బ్యాటరీ బాగానే ఉండి ఇంజన్ ఈడుస్తుంటే, మీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస ఇంజన్ ఇనుము మీద ఆనించి ఎవరిచేతైనా సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ సరిగ్గా లేదని అర్థం. ఇంజన్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య లావు వైరు ఉంటుంది, ఇంజన్‌కీ క్యాబిన్ గోడకీ మధ్య అల్లిక పట్టీ ఒకటి ఉంటుంది. ముందు ఆ వైరు కొసలు, తర్వాత ఆ పట్టీ చూడండి, నూనె, మట్టి, తుప్పు పట్టి ఉంటాయి. విప్పి ఎమరీ పేపర్‌తో తెల్లగా అయ్యేదాకా రుద్ది మళ్ళీ బిగించడానికి పైసా ఖర్చు లేదు. కార్బరేటర్ మీద చెయ్యి వెయ్యకముందే ఈ పని అయిపోవాలి.

సరే, సెల్ఫ్ బాగా తిరుగుతోంది. ఇప్పుడు చల్లటి పొద్దుటి సంగతి.

మన ఊళ్ళో అంబాసిడర్, పాత మారుతి 800 నడిపిన పెద్దవాళ్ళు ముందు వరసలో కనిపిస్తున్నారు. బాబాయ్, చలిలో కార్బరేటర్ గాలి దారిని మూసే చోక్ అంటే మీకు చేత్తో లాగేది. ఈ షెవర్లేలో అలా లాగడానికి ఏమీ లేదు. చోక్ దానంతట అదే పడుతుంది, కానీ పడాలంటే తాళం తిప్పే ముందు యాక్సిలరేటర్‌ని ఒక్కసారి నేల దాకా తొక్కి వదలాలి. కారణం చెప్తాను. కార్బరేటర్ పక్కన మెట్లు మెట్లుగా ఉండే చిన్న క్యామ్ ఉంటుంది. పెడల్ వదిలేసి ఉన్నప్పుడు ఒక స్క్రూ ఆ క్యామ్‌ని నొక్కి పట్టి ఉంచుతుంది, చోక్ రేకు కదలదు. పెడల్ తొక్కితే స్క్రూ పక్కకి తప్పుకుంటుంది, స్ప్రింగ్ చోక్‌ని మూస్తుంది. వదిలినప్పుడు స్క్రూ వచ్చి క్యామ్ పై మెట్టు మీద కూర్చుంటుంది, అందుకే మొదట్లో ఇంజన్ కాస్త హెచ్చుగా తిరుగుతుంది. అదే తొక్కుడులో యాక్సిలరేటర్ పంపు రెండు పిచికారీలు పెట్రోలు కూడా లోపలికి కొడుతుంది. కార్బరేటర్ లేని ఇంజెక్షన్ బళ్ళ మీద డ్రైవింగ్ నేర్చుకున్న కుర్రాళ్ళు పెడల్ ముట్టుకోకుండా తాళం తిప్పుతారు. బండిలో ఏ తప్పూ లేకపోయినా అందుకోదు. బాగా చలిగా ఉంటే రెండుసార్లు తొక్కచ్చు. పదిసార్లు తొక్కితే మాత్రం ప్లగ్గులు తడిసి మూలకూర్చుంటుంది.

అలా తొక్కినా అందుకోకపోతే బానెట్ ఎత్తండి. ఎయిర్ క్లీనర్ మూత మీద రెక్కల నట్టు విప్పి మూత పక్కన పెట్టండి. ఇంజన్ ఆపి ఉండాలి, చల్లగా ఉండాలి. ఒకరు పెడల్ తొక్కి వదిలితే మీ కళ్ళ ముందే చోక్ రేకు వచ్చి మూసుకోవాలి. మూసుకోకపోతే దాని ఇరుసు దగ్గర జిగురు పట్టి ఉంటుంది. కార్బ్ క్లీనర్ కొట్టి వేలితో నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించండి. స్ప్రింగ్ బలం తగ్గినా, ఎవరైనా తెలియక వైరుతో కట్టేసినా కూడా మూసుకోదు. వైరు కట్టిన చోక్‌లు చాలానే విప్పాను.

ఇంజన్ అందుకుని రెండు క్షణాల్లో ఆగిపోతే చూడాల్సింది వేరు. మూసిన చోక్‌తో ఇంజన్ ఊపిరాడక చచ్చిపోతుంది కాబట్టి, అందుకోగానే దాన్ని కొద్దిగా తెరవడానికి వాక్యూమ్ డయాఫ్రం ఒకటి పెట్టారు. చోక్ పుల్ ఆఫ్ అంటారు. దాని కడ్డీని లోపలికి నొక్కి, రబ్బరు గొట్టం పెట్టే మూతిని వేలితో మూసి, కడ్డీని వదలండి. ఠక్కున బయటికి వచ్చేస్తే డయాఫ్రం చిరిగింది. నిలిస్తే బాగుంది. కొన్నిటికి తయారీలోనే సన్నటి రంధ్రం ఉంటుంది, అవి నింపాదిగా జారుతూ వస్తాయి, అవీ బాగున్నట్టే. చాలా చవక పార్టు ఇది. దీన్ని చూడకుండా వందల డాలర్లు పోసి కార్బరేటర్ మార్చినవాళ్ళు ఉన్నారు.

ఇక అసలు సంగతి, నాకు ఎక్కువ ఫోన్లు తెచ్చేది. రోజూ నడిపితే బాగుంటుంది, నాలుగు రోజులు ఆపితే మాత్రం సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ డౌన్ అవ్వాలి. ఒకసారి అందుకున్నాక రోజంతా ఠక్కున స్టార్ట్ అవుతుంది. ఈ వరస విన్నానంటే నా అనుమానం పెట్రోలు నిలవుండే కార్బరేటర్ గిన్నె మీదికే పోతుంది. గిన్నెలో పెట్రోలు ఉండట్లేదు.

ఊహతో పని లేకుండా తేల్చుకోవచ్చు. నాలుగు రోజులు ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకండి. ముందు ఎయిర్ క్లీనర్ మూత తీసి, టార్చి లైటు పట్టుకుని కార్బరేటర్ గొంతులోకి, అంటే గాలి పోయే దారిలోకి, చూస్తూ పెడల్‌కి కలిసి ఉండే త్రాటిల్ మీటని చేత్తో తిప్పండి. ముందున్న రెండు చిన్న గొంతుల్లోకి రెండు సన్నటి ధారలు బలంగా పడాలి. ధార పడితే గిన్నెలో పెట్రోలు ఉంది, మీ కష్టం ఇంకెక్కడో ఉంది. ధార రాకపోతే ఎక్కువగా రెండు కారణాలు. గిన్నె ఎండిపోయిందో, యాక్సిలరేటర్ పంపు కప్పు ఎండి బిగుసుకుపోయిందో. ఏదో తేల్చడానికి మూతి సన్నటి ప్లాస్టిక్ సీసాలో కొంచెం పెట్రోలు తీసుకుని, కార్బరేటర్ పైన ఉండే గాలి గొట్టంలోంచి నేరుగా గిన్నెలోకి పొయ్యండి. గొంతులోకి కాదు, గొట్టంలోకి. యాభై, అరవై మిల్లీలీటర్లు చాలు. ఒలికితే తుడవండి, సీసా దూరంగా పెట్టండి, ఎయిర్ క్లీనర్ బిగించండి, అప్పుడు ఒకసారి పెడల్ తొక్కి వదిలి తాళం తిప్పండి. వెంటనే అందుకుంటే గిన్నె ఎండిన మాట రుజువైంది.

ఎందుకు ఎండుతోంది? మూడు దార్లున్నాయి. మొదటిది ఆవిరి. ఇప్పటి పెట్రోలు ఇంజెక్షన్ బళ్ళకి, సీలు చేసిన వ్యవస్థకి చేసింది. మన కార్బరేటర్ గిన్నె మాత్రం గాలికి తెరిచి ఉంటుంది, కింద వేడి ఇంజన్. ఆపిన రోజు వేడికే కొంత పోతుంది, మిగతాది నెమ్మదిగా పోతుంది. క్వాడ్రాజెట్ గిన్నె అసలే చిన్నది. రెండోది ఈ కార్బరేటర్‌కే ప్రత్యేకం. గిన్నె అడుగున, తయారీలో వేసిన రంధ్రాలు మూయడానికి చిన్న లోహపు బిళ్ళలు కొట్టారు. పాతబడే కొద్దీ వాటి చుట్టూ ఊరి, పెట్రోలు బొట్టు బొట్టుగా కింద సిలిండర్లకి దారి అయిన ఇంజన్ మానిఫోల్డ్‌లోకి జారుతుంది. రాత్రికి రాత్రే గిన్నె ఖాళీ. కార్బరేటర్ దించి తిరగేస్తే ఆ బిళ్ళల దగ్గర తడి, మరక కనిపిస్తుంది. శుభ్రం చేసి పెట్రోలుకి తట్టుకునే ఎపాక్సీతో మూస్తే నయమవుతుంది. ఎపాక్సీ పూసే ముందు అక్కడ జిడ్డు చుక్క కూడా లేకుండా కడగాలి, పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. పని తెలిసినవాళ్ళు ఒక మధ్యాహ్నంలో చేస్తారు.

మూడోది గిన్నె ఎండటం కాదు, ఎండాక మళ్ళీ నిండకపోవడం. ఈ ఇంజన్‌లో పెట్రోలు పంపు యాంత్రికమైనది. క్యామ్ షాఫ్ట్ ఒక కడ్డీని నెడితే అది పంపుని ఆడిస్తుంది. ఇంజన్ తిరిగితేనే పంపు తిరుగుతుంది. పంపులో వాల్వులు అరిగితే లైనులోని పెట్రోలంతా వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. అప్పుడు ట్యాంకు నుంచి ముందు దాకా మళ్ళీ లాగాలి, అదీ సెల్ఫ్ వేగంతో. ట్యాంకు దగ్గరా, పంపు దగ్గరా ఉండే రబ్బరు ముక్కలు పగిలినా ఇదే జరుగుతుంది. ట్యాంకు నుంచి పంపు దాకా లైనులో పీల్పు ఉంటుంది కాబట్టి, పగులులోంచి పెట్రోలు బయటికి కారదు. గాలి లోపలికి పోతుంది. నేల మీద చుక్క కనిపించదు కనుక ఎవరికీ అనుమానం రాదు. ఆ రబ్బరుని వేళ్ళతో వంచి చూడండి, సన్నటి గీతలు నోరు తెరుస్తాయి. ఇథనాల్ పెట్రోలుకి తట్టుకునే రకం రబ్బరు వేసి, క్లాంపులు కొత్తవి బిగించండి. పంపు మార్చేముందు ఇది చెయ్యాలి.

(సభలోంచి ఒకరు: నా దానికి చలిలో ఏ బాధా లేదండీ, ఎండలోనే.)

అవును, ఇప్పుడు అక్కడికే వస్తున్నాను. టెక్సాస్‌లో జూలై, ఆగస్టుల్లో 40 డిగ్రీల ఎండ మామూలే. ఇంజన్ ఆపగానే ఫ్యాన్ ఆగుతుంది, నీళ్ళ పంపు ఆగుతుంది, ఇనుములోని వేడి మాత్రం ఎక్కడికీ పోదు. అది పైకి ఎగబాకి కార్బరేటర్‌కి చేరుతుంది. ఆపిన పది, ఇరవై నిమిషాల్లోనే బానెట్ కింద వేడి ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా మీరు సామాను తెచ్చుకుని వచ్చే సమయం. గిన్నెలో పెట్రోలు తుకతుక ఉడికి, పాలు పొంగినట్టు పొంగి, గొంతుల్లోంచి మానిఫోల్డ్‌లోకి ఒలికిపోతుంది. ఇంజన్ నిండా పెట్రోలే, గాలి లేదు. ఇక్కడ పెడల్ పంపు కొట్టినట్టు కొడితే ఇంకా మునిగిపోతుంది. పెడల్‌ని నేల దాకా తొక్కి, అలాగే పట్టి ఉంచి సెల్ఫ్ కొట్టాలి. అలా పూర్తిగా తొక్కినప్పుడు చోక్ మూసి ఉన్నా కొంత తెరుచుకునేలా లోపల ఒక మీట కూడా పెట్టారు. గాలి బాగా వెళ్ళి మునక తీరుతుంది. అందుకోగానే నల్ల పొగ వస్తే కంగారు పడకండి, పెడల్ మెల్లగా వదలండి.

ఎండలో ఇంకో రకం ఉంది. అది దీనికి పూర్తిగా ఎదురు. గిన్నెలో కాదు, పంపుకి వచ్చే లైనులోనే పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు బుడగల్ని లాగలేదు. ఇంజన్‌కి పెట్రోలే అందదు. రెండూ చూడ్డానికి ఒకటే. వేడి మీద ఆపాం, స్టార్ట్ అవ్వట్లేదు. తేడా మళ్ళీ ఎయిర్ క్లీనర్ మూత తీస్తేనే తెలుస్తుంది. గొంతులో తడి, గుప్పుమని వాసన, నాజిల్ నుంచి బొట్లు పడుతుంటే మునిగింది. త్రాటిల్ తిప్పితే ధార లేకుండా పొడిగా ఉంటే లైనులో ఆవిరి పట్టింది. మొదటి దానికి పెడల్ తొక్కి పట్టడమే మందు. రెండో దానికి ఓపిక, చల్లారనివ్వడం, ఆ తర్వాత లైను ఎక్కడ ఎగ్జాస్ట్ పైపుకి దగ్గరగా పోతోందో వెతకడం. మన షెవర్లేలో కొన్ని పంపులకి మూడో గొట్టం ఉంటుంది. ఆవిరిని ట్యాంకుకి తిప్పి పంపడానికి పెట్టింది అది. పంపు మార్చినప్పుడు రెండు గొట్టాలది చవగ్గా దొరికిందని వేసి, మూడోదాన్ని బోల్టుతో మూసేస్తారు. దయచేసి అలా చెయ్యకండి.

ఈ ఉడుకు ఏప్రిల్‌లో కూడా పట్టుకోవడానికి ఒక కారణం ఉంది. అమెరికాలో చలికాలపు పెట్రోలు, ఎండాకాలపు పెట్రోలు వేరు. చలికాలపుది తొందరగా ఆవిరయ్యేలా కలుపుతారు, చలిలో స్టార్టింగ్ కోసం. జూన్ 1 కల్లా బంకుల్లోకి ఎండాకాలపుది రావాలి. ఫిబ్రవరిలో నింపిన ట్యాంకుతో ఏప్రిల్ ఎండలో తిరిగితే ఈ గొడవ తప్పదు. ఆపైన 10 శాతం ఇథనాల్ కూడా ఆవిరయ్యే గుణాన్ని పెంచుతుంది. ఎప్పుడో కొంచెం నడిపే బండికి ట్యాంకు నిండా పోయించడం వల్ల లాభం లేదు. కార్బరేటర్ కింద మందపాటి ఇన్సులేటర్ గాస్కెట్ వేస్తే వేడి చాలా వరకు ఆగుతుంది. మందం పెరిగితే బానెట్‌కి ఎయిర్ క్లీనర్ తగలకుండా చూసుకోండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర హీట్ రైజర్ అనే వాల్వు ఉంటుంది, అది మూసుకుని బిగుసుకుపోతే వేడి పొగంతా కార్బరేటర్ కిందికే వెళ్తుంది. చేత్తో తిప్పితే తిరగాలి, చల్లగా ఉన్నప్పుడే సుమా.

వేడి మీద సెల్ఫే ఈడుస్తుంటే అది వేరే కథ. ఈ ఇంజన్‌లో సెల్ఫ్ మోటార్, దానికి కరెంటు కలిపే సొలినాయిడ్ ఎగ్జాస్ట్ పక్కనే ఉంటాయి. కాగిపోయాక సొలినాయిడ్ టక్కుమని ఊరుకుంటుంది. హీట్ షీల్డు ఊడిపోయిందేమో చూడండి, వైర్ల కొసలు శుభ్రం చెయ్యండి. టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, మరీ ముందుకి పెట్టినా వేడి మీద ఇంజన్ ఎదురు తన్నుతుంది.

స్పార్క్ గురించి క్లుప్తంగా చెప్తాను. 1975 నుంచి వీటికి హెచ్‌ఈఐ (హై ఎనర్జీ ఇగ్నిషన్) అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది, స్పార్క్ కోసం వోల్టేజీ పెంచే కాయిల్ డిస్ట్రిబ్యూటర్ మూతలోనే ఉంటుంది. దానికి పూర్తి బ్యాటరీ వోల్టేజీ అందాలి. అంతకు ముందు పాయింట్లు, అంటే స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్చు, ఉన్న బళ్ళలో కాయిల్‌కి రెసిస్టెన్స్ వైరు ద్వారా తక్కువ వోల్టేజీ ఇచ్చేవాళ్ళు. పాత బండికి హెచ్‌ఈఐ బిగించి, ఆ పాత వైరే వదిలేస్తే చలిలో స్టార్టింగ్ ఎప్పటికీ బాగుపడదు. పాయింట్ల బండి సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అందుకుని, తాళం వదలగానే ఆగిపోతోందంటే ముందు ఆ రెసిస్టెన్స్ వైరు తెగిందేమో చూడండి. హెచ్‌ఈఐ బండి వేడెక్కాక స్పార్క్ పోయి, అరగంటకి చల్లారి మళ్ళీ వస్తే డిస్ట్రిబ్యూటర్ లోపలి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ చూడండి. కొత్తది వేసేటప్పుడు కింద తెల్ల సిలికాన్ గ్రీజు రాయకపోతే అదీ మాడిపోతుంది. ప్లగ్గు వైరు పీకి గాలిలో వేలాడదీసి స్పార్క్ చూడకండి. చవకలో టెస్టర్ దొరుకుతుంది, అది వాడండి.

(ప్రశ్న: స్టార్టింగ్ ఫ్లూయిడ్, అదే తొందరగా మండే స్ప్రే, కొట్టచ్చా? ఒకరు పెట్రోలు నేరుగా గొంతులో పొయ్యమన్నారు.)

గొంతులో పొయ్యొద్దు. సెల్ఫ్ కొడుతుండగా అసలే పొయ్యొద్దు. ఇంజన్ ఒక్కసారి వెనక్కి దగ్గితే మంట గొంతులోంచి పైకి లేస్తుంది, మీ చేతిలో పెట్రోలు సీసా ఉంటుంది. ఎయిర్ క్లీనర్ బిగించకుండా తాళం తిప్పే అలవాటు మానండి. బండి పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా ఈ పరీక్షలేవీ చెయ్యొద్దని నా మనవి. స్టార్టింగ్ ఫ్లూయిడ్ ఒక చిన్న తుంపర వరకు, స్పార్క్ ఉందా లేదా తేల్చుకోవడానికి పర్వాలేదు. దాంతో అందుకుని ఆగిపోతే స్పార్క్ ఉంది, పెట్రోలు లేదని తెలుస్తుంది. రోజూ దాని మీదే స్టార్ట్ చెయ్యడం మంచిది కాదు.

(ప్రశ్న: నెట్టి స్టార్ట్ చెయ్యచ్చా, మన జీపుల్లాగా?)

గేర్లు చేత్తో వేసే బండైతే చెయ్యచ్చు. బయట ఉన్నది ఆటోమేటిక్. ఎంత నెట్టినా ఇంజన్ తిరగదు.

(ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, ఇంజెక్షన్ కిట్ వేసుకుంటే పోలేదా?)

వేసుకోవచ్చు, నేను వద్దనను. ఇన్సులేటర్ వేసినా ఎండలో బాధ తీరకపోతే మంచి దారే. కానీ కిట్టుకి ట్యాంకు వైపు హై ప్రెషర్ పంపు కావాలి, చాలా కిట్లకి మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగి వెళ్ళే రిటర్న్ లైను కావాలి, నిలకడైన వోల్టేజీ కావాలి. ఎర్త్ పట్టీ తుప్పు పట్టిన బండికి అది వేస్తే కంప్యూటర్‌కి కూడా అదే జబ్బు పడుతుంది. ముందు బ్యాటరీ, ఎర్త్, లైన్లు, రబ్బర్లు బాగుచేసి చూడండి. చాలా బళ్ళు అక్కడే నయమవుతాయి.

(ప్రశ్న: ఊళ్ళో మా నాన్నగారి దగ్గర కార్బరేటర్ మారుతి 800 ఉందండీ. మేం వెళ్ళినప్పుడే తీస్తాం. ప్రతిసారీ మెకానిక్‌ని పిలవాల్సి వస్తోంది.)

అది చిన్న ఇంజనే కానీ లెక్క ఇదే. దానికీ యాంత్రిక పంపే. ఇండియాలో ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. నెలల తరబడి నిలబడే కారుకి ఇది మంచిది కాదు. ఈసారి వెళ్ళినప్పుడు పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయించండి, ఫిల్టర్ మార్పించండి. తిరిగి వచ్చేముందు మెకానిక్‌తో ట్యాంకు పెట్రోలు తీయించి, గిన్నెలో మిగిలింది అయిపోయేదాకా ఇంజన్ నడిపించి ఆపండి. బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టండి. మళ్ళీ వెళ్ళినప్పుడు కొత్త పెట్రోలు పోయించి, బ్యాటరీ ఛార్జి చేయించి, చోక్ లాగి సెల్ఫ్ కొట్టండి. గిన్నె నిండేదాకా పది సెకన్ల చొప్పున, మధ్యలో ఆపి ఆపి కొట్టాలి, లేకపోతే సెల్ఫ్ మోటార్ కాలిపోతుంది. నాన్నగారు కారులో వారానికోసారి అరగంట బయట తిరిగొస్తానంటే మాత్రం ఇవేవీ అక్కర్లేదు.